కట్టె మెట్లు – పడగొట్టాలా? బాగు చేయాలా?

మీ ఇంట్లో కట్టె మెట్లున్నాయా? ఎక్కేటప్పుడు కిర్రుమంటున్నాయా? ఒక మెట్టు ఊగుతోందా?

"ఇన్నేండ్ల సంది ఎక్కి దిగుతున్న. నాకేమైతది బిడ్డా!" అంటుంది అవ్వ.

"పాతవైనయి. పీకి పారేద్దాం" అంటాడు కొడుకు.

ఇద్దరి మాటా పూర్తిగా సరి కాదు. ఊగే మెట్టును అట్లే వదిలేస్తే ఏదో ఒకనాడు ఎవరో పడతారు. ముసలివాళ్ళు పడితే తుంటి ఎముక విరుగుతుంది. నెలల తరబడి మంచం పట్టాల్సి వస్తుంది. ఆస్పత్రి ఖర్చుతో పోలిస్తే ఒక మెట్టు బాగు చేయించే ఖర్చు చాలా తక్కువ.

అలాగని మొత్తం పీకి పారేయడమూ తెలివైన పని కాదు. ఆ మెట్లలో తాతల నాటి టేకు ఉండవచ్చు. అంత చేవ ఉన్న కట్టె ఇవాళ కొనాలంటే చాలా పైసలు కావాలి. పది మెట్లలో రెండు చెడితే రెండే మార్చాలి. మిగతా ఎనిమిది మన ఆస్తి.

మెట్లు ఎందుకు చెడతాయి? ఎట్లా పరీక్షించాలి? ఎట్లా బాగు చేయాలి? వడ్లాయనతో ఏం మాట్లాడాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

మన దిక్కు కట్టె మెట్లు

మహబూబ్‌నగర్‌కు పాత పేరు పాలమూరు. ఈ దిక్కున గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు సంస్థానాలు ఉండేవి. దొరల గడీలు ఉండేవి. షావుకార్ల మేడలు ఉండేవి. అట్లాంటి కొన్ని ఇండ్లలో పై గదికి, అటకకు, మిద్దె మీదికి పోవడానికి కట్టె మెట్లు కట్టారు. ఉర్దూలో మెట్లను జీనా అంటారు.

మామూలు ఇండ్లలో నిచ్చెనే ఎక్కువ. నిచ్చెనకూ మెట్లకూ తేడా ఉంది. నిచ్చెనను ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. మెట్లు ఇంటిలో భాగం. వాటిని ఇంటితో పాటే కాపాడుకోవాలి.

పాలమూరు మనుషులకు కట్టుబడి పని కొత్త కాదు. దేశంలో ఎన్నో ఆనకట్టలు, కాలువలు పాలమూరు చేతులతో లేచాయి. కాని పనికోసం వలస పోయినవారి ఇండ్లకు నెలల తరబడి తాళం పడుతుంది. గాలి ఆడదు. వెలుతురు రాదు. మిద్దె కురిసినా చూసే దిక్కుండదు. చెదలకు అదే అదను. వాడే ఇంటికి ఆయుష్షు ఎక్కువ. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ కళాశాల పెట్టారు. రాజుల కాలం పోయినా ఆ భవనం ఖాళీగా పడి ఉండలేదు. పదిమందికీ పనికి వచ్చింది.

మెట్లలో ఏమేం ఉంటాయి?

బాగు చేసే ముందు భాగాలు తెలియాలి.

రెండు పక్కలా కింది నుంచి పై దాకా ఏటవాలుగా రెండు పొడుగు చెక్కలుంటాయి. వీటిని పక్క చెక్కలు అందాం. బరువంతా వీటి మీదే ఉంటుంది.

మనం కాలు పెట్టేది మెట్టు పలక. దాని రెండు కొసలు పక్క చెక్కల్లో చెక్కిన గాడిలో దూరి ఉంటాయి.

మెట్టుకూ మెట్టుకూ నడుమ నిలువుగా ఉండేది నిలువు పలక. కొన్ని మెట్లకు ఇది ఉండదు. సందులోంచి అవతలి పక్క కనిపిస్తుంది.

చేయి పట్టుకునేది చేతిపట్టె. దాని కింద నిలువుగా ఊచలుంటాయి.

ఒక సంగతి గమనించండి. మెట్టు పలకలు మనల్ని మోయడమే కాదు, రెండు పక్క చెక్కలనూ కలిపి పట్టి ఉంచుతాయి. అందుకే అన్ని పలకలూ ఒకేసారి తీయకూడదు. తీస్తే పక్క చెక్కలు విడిపోతాయి.

ఎందుకు చెడతాయి?

కారణాలు నాలుగు.

ఒకటి, నీరు. మిద్దె కురుస్తుంది. గోడ చెమ్మగిల్లుతుంది. ఇల్లు కడిగిన నీళ్ళు మెట్ల అడుగున నిలుస్తాయి. తడి ఆరని కట్టె మెత్తబడి కుళ్ళుతుంది.

రెండు, చెదలు. ఇవి నేలలోంచి వస్తాయి. గోడ మీద, కట్టె మీద మట్టితో సన్నని దారులు కట్టుకుంటాయి. ఆ దారి లోపలే నడుస్తాయి. పైకి కట్టె బాగానే కనిపిస్తుంది. లోపల డొల్ల చేస్తాయి.

మూడు, పుప్పి పురుగు. కట్టెకు చిన్న చిన్న రంధ్రాలు పడతాయి. కింద పిండిలాంటి పొడి రాలుతుంది. చేవ లేని తెల్ల చెక్కను ఇవి ముందు తింటాయి. టేకు చేవను అంత తొందరగా ముట్టవు.

నాలుగు, ఎండ, అరుగుదల. మన దిక్కు ఎండాకాలంలో కట్టె ఎండి ముడుచుకుంటుంది. వానాకాలంలో చెమ్మకు ఉబ్బుతుంది. ఏటేటా ఇట్లా జరిగితే అతుకులు వదులవుతాయి. మొలలు కదులుతాయి. రోజూ తొక్కే చోట పలక అరిగి గుంట పడుతుంది.

ముందు కారణం పట్టుకోవాలి. తర్వాతే కట్టె మార్చాలి. మిద్దె కురుస్తుండగా కొత్త మెట్టు వేస్తే అదీ కుళ్ళుతుంది. పైసలు రెండుసార్లు పోతాయి.

మీరే పరీక్షించండి

దీనికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. ఒక టార్చిలైటు, చిన్న సుత్తి, స్క్రూడ్రైవర్, కొలిచే టేపు, కాగితం, పెన్సిలు చాలు.

1. పగటి పూట చూడండి. మెట్ల కింది వైపు టార్చి వేసి చూడండి. రోగం అక్కడే కనిపిస్తుంది.

2. సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి కట్టె టక్కుమని మోగుతుంది. తినేసిన కట్టె డొల్లగా మోగుతుంది.

3. స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. గట్టి కట్టెలో మొన దిగదు. అర అంగుళం సులువుగా దిగితే అక్కడ కట్టె పోయినట్టే. ముఖ్యంగా పక్క చెక్కలు నేలను తాకే చోట, గోడను తాకే చోట గుచ్చి చూడండి.

4. కింది మెట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టునూ చేత్తో నొక్కండి, కదిలించండి. చేతిపట్టెను ఊపి చూడండి.

5. ప్రతి మెట్టుకూ అంకె వేయండి. ఏ మెట్టుకు ఏమైందో కాగితం మీద రాయండి.

ఉదాహరణకు ఇట్లా రాయవచ్చు: "3వ మెట్టు – నడుమ పగులు. 5వ మెట్టు – ఊగుతోంది. ఎడమ పక్క చెక్క – అడుగున చెదలు."

ఈ కాగితం చాలా విలువైనది. వడ్లాయన వచ్చినప్పుడు ఇది చూపించండి. ఏ పని ఉందో, ఎంత పని ఉందో ఇద్దరికీ తెలుస్తుంది. తర్వాత మాట తేడా రాదు.

ముందు నీరు, చెదలు ఆపాలి

మిద్దె కురిసే చోటు మూయించండి. మెట్ల అడుగున నీరు నిలవకుండా వాలు పెట్టించండి.

పక్క చెక్క మట్టి నేలను తాకకూడదు. కింద షాబాదు బండ వేసి దాని మీద నిలపాలి. బండ నేల కంటే రెండు అంగుళాలు ఎత్తుగా ఉండాలి. అప్పుడు చెమ్మ ఎక్కదు. చెదల దారి కూడా కంటికి కనిపిస్తుంది.

మట్టి దారులు కనిపిస్తే గీకి పారేస్తే చాలదు. అవి మళ్ళీ కడతాయి. కిరసనాయిలు పోసినా పైన ఉన్న చెదలే చస్తాయి. నేలలోని పుట్ట అట్లే ఉంటుంది. పైగా నూనె పట్టిన కట్టెకు నిప్పు తొందరగా అంటుకుంటుంది. చెదలకు మందు కొట్టే పని తెలిసినవారితోనే కొట్టించండి. పత్తి చేనుకు తెచ్చిన మందును ఇంట్లో కొట్టవద్దు. వెనకట చెదలకు బి.హెచ్.సి. పొడి చల్లేవారు. అది మనిషికి హాని చేస్తుంది. మన దేశంలో 1997లో దాన్ని నిషేధించారు. పాత డబ్బా ఏదైనా ఇంట్లో మిగిలి ఉంటే వాడవద్దు. పిల్లలకు అందనివ్వవద్దు.

ఏ జబ్బుకు ఏ మందు?

కిర్రుమనే మెట్టు: పలక గాడిలో వదులైంది. సన్నని చెక్క చీలికకు జిగురు పూసి సందులో దిగ్గొట్టాలి. పాత మొల రంధ్రంలో మళ్ళీ మొల కొడితే నిలవదు. పక్కన చిన్న రంధ్రం తొలిచి స్క్రూ బిగించాలి. రంధ్రం తొలవకుండా బిగిస్తే ఎండిన కట్టె పగులుతుంది.

అరిగిన మెట్టు: పలకను జాగ్రత్తగా ఊడదీసి తిరగేసి చూడండి. కింది వైపు బాగుంటే అదే పలకను తిరగేసి బిగించవచ్చు. కొత్త కట్టె ఖర్చు లేదు. అంచు మాత్రమే అరిగితే ఆ అంచును నేరుగా కోసి, అదే రకం కట్టె ముక్కను అతకాలి. కట్టె ఈనెలు రెండింటిలో ఒకే దిక్కుకు ఉండాలి.

పగిలిన మెట్టు: పగులులో జిగురు పోసి బిగించి ఒకరోజు ఆరనివ్వాలి. తర్వాత కింది వైపు అడ్డంగా రెండు పట్టెలు స్క్రూలతో బిగించాలి. పగులు పలక కొస దాకా పోతే మార్చడమే మంచిది.

పోయిన మెట్టు: కొత్త పలక వేయాలి. మందం పాత దానితో సమానంగా ఉండాలి. మూడడుగుల వెడల్పు మెట్లకు ఒకటిన్నర అంగుళం మందం మంచిది. పచ్చి కట్టె వేయవద్దు. అది ఎండాక ముడుచుకుని మళ్ళీ వదులవుతుంది.

పక్క చెక్క చెడితే: ఇది పెద్ద పని. సొంతంగా చేయవద్దు. ముందు మెట్ల కింద గట్టి గుంజలతో ఆసరా పెట్టాలి. తర్వాత కుళ్ళిన భాగాన్ని గట్టి కట్టె వచ్చే దాకా కోసేయాలి. కొత్త ముక్కను ఏటవాలు అతుకుతో కలిపి, పక్కన ఇంకో చెక్క జోడించి, బోల్టులతో బిగించాలి. పని పూర్తయ్యే దాకా ఎవరూ ఎక్కకూడదు.

చేతిపట్టె: లేకపోతే తప్పక పెట్టించండి. సుమారు మూడడుగుల ఎత్తు ఉండాలి. ఊచల నడుమ సందు నాలుగు అంగుళాలు దాటవద్దు. దాటితే పసిపిల్లల తల అందులో ఇరుక్కుంటుంది.

ఒక్క నియమం మరవకండి. అన్ని మెట్ల ఎత్తూ ఒకటిగా ఉండాలి. మన కాలు రెండు మెట్లు ఎక్కగానే ఎత్తును గుర్తుపెట్టుకుంటుంది. ఆపై మనం చూడకుండానే ఎక్కుతాం. ఒక మెట్టు అంగుళం హెచ్చినా తగ్గినా కాలు తడబడుతుంది. కొత్త పలక మందంగా వేస్తే వచ్చే చిక్కు ఇదే.

కొత్తగా కట్టాల్సి వస్తే

రెండు పక్క చెక్కలూ చెదలు తినేస్తే అతుకులు నిలవవు. అప్పుడు కొత్తగా కట్టుకోవాల్సిందే. పాత మెట్లు మరీ నిట్టనిలువుగా ఉంటే కూడా మార్చడం మంచిది.

జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇండ్ల మెట్లకు కొలతలు చెప్పింది. మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లు మించకూడదు. అంటే సుమారు ఏడున్నర అంగుళాలు. కాలు పెట్టే వెడల్పు 25 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అంటే సుమారు పది అంగుళాలు.

ఒక లెక్క చేద్దాం.

కింది నేల నుంచి పై నేల దాకా ఎత్తు 9 అడుగులు. అంటే 108 అంగుళాలు.

పాత మెట్ల ఎత్తు 9 అంగుళాలు. 108ని 9తో భాగిస్తే 12. పన్నెండు అడుగుల్లో పైకి చేరతాం. కాని ప్రతి అడుగూ కష్టం. మోకాళ్ళు నొస్తాయి.

ఇప్పుడు 108ని 15తో భాగించండి. 7.2 వస్తుంది. మెట్టు ఎత్తు ఏడుంబావు అంగుళాల కంటే కొంచెం తక్కువ. అవ్వ కూడా సులువుగా ఎక్కుతుంది.

దీనికి చోటెంత కావాలి? చివరి అడుగు పై నేల మీదే పడుతుంది. కాబట్టి పలకలు 14 చాలు. ఒక్కోటి 10 అంగుళాలు. 14ను 10తో గుణిస్తే 140 అంగుళాలు. అంటే 11 అడుగుల 8 అంగుళాలు. అంత చోటు లేకపోతే నడుమ చిన్న చదును పెట్టి మెట్లను మలుపు తిప్పవచ్చు.

పాత మెట్లలోని మంచి పలకలను కొత్త మెట్లకు వాడుకోండి. చేవ ఉన్న పాత కట్టె ఇదివరకే బాగా ఎండి ఉంటుంది. కొత్త కట్టెలా ముడుచుకోదు.

కట్టె కొనేటప్పుడు లెక్క

కలప అడితిలో కట్టెను ఘనపుటడుగుల్లో అమ్ముతారు. ఆ లెక్క మనకూ రావాలి. రాకపోతే వాళ్ళు చెప్పిందే ధర.

పొడవు, వెడల్పు, మందం మూడూ అంగుళాల్లో రాయండి. మూడింటినీ గుణించండి. వచ్చిన దాన్ని 1728తో భాగించండి. ఎందుకు 1728? ఒక అడుగుకు 12 అంగుళాలు. 12ను 12తో, మళ్ళీ 12తో గుణిస్తే 1728.

మెట్టు పలక పొడవు 36, వెడల్పు 10, మందం ఒకటిన్నర అంగుళం అనుకోండి. గుణిస్తే 540. మూడు పలకలకు 1620. దీన్ని 1728తో భాగిస్తే 0.94. అంటే మూడు పలకలకు దాదాపు ఒక ఘనపుటడుగు కట్టె. కోతలో, చిత్రికలో కొంత పోతుంది. అందుకు కొంచెం ఎక్కువ కొనాలి.

రసీదు తప్పక తీసుకోండి. తక్కువ ధరకు వస్తుందని అడవిలో దొంగతనంగా కొట్టిన టేకు కొనవద్దు. అది నేరం. మన నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. ఆ అడవి మన వానలకూ అవసరమే. కూలగొట్టిన ఇండ్ల పాత కట్టె అమ్మే చోట వెతకండి. అక్కడా తట్టి, గుచ్చి చూసే కొనండి. పుప్పి పట్టిన కట్టె తెస్తే ఆ పురుగు ఇంట్లోని మంచి కట్టెకూ పాకవచ్చు.

పాత రంగు గీకేటప్పుడు జాగ్రత్త

వెనకటి రంగుల్లో సీసం కలిపేవారు. సీసం విషం. ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. గర్భిణులకూ హాని. ఇంటికి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదని మన దేశంలో నియమం వచ్చింది. అది 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. కాని మీ మెట్ల మీది రంగు అంతకంటే పాతది కావచ్చు.

కాబట్టి పొడిగా గీకవద్దు. మంటతో కాల్చవద్దు. నీళ్ళు చల్లి, తడి మీద గరుకు కాగితంతో రుద్దాలి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుంటే చాలదు. దుమ్ము ఆపే మాస్కు పెట్టుకోవాలి. పిల్లలను, గర్భిణులను ఇంకో ఇంటికి పంపాలి. రాలిన రంగును చీపురుతో ఊడ్చవద్దు. తడి గుడ్డతో ఎత్తాలి.

తర్వాత చిన్న రంధ్రాలను లప్పంతో పూడ్చాలి. ఆరాక అవిసె నూనె గాని, వార్నిష్ గాని పూయాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేయవద్దు. అవి వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. నీళ్ళలో ముంచి, బయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.

మెట్లను అద్దంలా మెరిపించవద్దు. కాలు జారుతుంది. మెట్టు అంచున రెండు అంగుళాల మేర రంగులో సన్నని ఇసుక కలిపి పూయండి. ఆ పట్టీ తెల్ల రంగుదైతే ఇంకా మంచిది. చూపు తగ్గిన వాళ్ళకు మెట్టు ఎక్కడ ఆగుతుందో కనిపిస్తుంది. మెట్ల పైన ఒకటి, కింద ఒకటి బల్బు పెట్టించండి.

ముక్కముక్కగా బాగు చేస్తే ఎంతకాలం నిలుస్తాయి?

జపాన్ దేశంలో హోర్యూజి అనే బౌద్ధాలయం ఉంది. అందులోని కట్టె కట్టడాలు కట్టి సుమారు 1300 ఏండ్లయింది. ప్రపంచంలో ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టె కట్టడాల్లో అతి పాతవి అవే. చెడిన భాగం తీసి, మంచి భాగం ఉంచి, తరతరాలుగా బాగు చేస్తూ వచ్చారు. మన ఇంటి మెట్లు వెయ్యేండ్లు ఉండనక్కర్లేదు. మన మనుమల కాలం దాకా ఉంటే చాలు.

గుర్తుంచుకోండి

• ఊగే మెట్టును ఇవాళే కట్టడి చేయండి. పడ్డాక చూద్దామనుకోవద్దు.
• ముందు నీరు, చెదలు ఆపండి. తర్వాత కట్టె మార్చండి.
• చెడిందే మార్చండి. మంచిది ఉంచండి.
• ఒక్కో పలకే తీయండి. అన్నీ ఒకేసారి తీయవద్దు.
• అన్ని మెట్ల ఎత్తూ ఒకటిగా ఉండాలి.
• ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వానలయ్యాక ఒకసారి పరీక్షించండి.
• ఊరు విడిచి పోయేటప్పుడు పక్కింటివారికి తాళంచెవి ఇవ్వండి. నెలకోసారి తలుపు తీసి చూడమనండి.

చేసి చూడండి, రాయండి

1. మీ ఇంట్లో గాని, బడిలో గాని ఏ మెట్లయినా ఎంచుకోండి. అవి కట్టెవి కావచ్చు, రాతివి కావచ్చు. ప్రతి మెట్టు ఎత్తూ కొలిచి రాయండి. అన్నీ సమానంగా ఉన్నాయా?

2. ఒక పలక పొడవు 48 అంగుళాలు, వెడల్పు 9 అంగుళాలు, మందం 2 అంగుళాలు. అది ఎన్ని ఘనపుటడుగులు?

3. మీ ఊళ్ళో తాళం పడిన పాత ఇండ్లు ఎన్ని ఉన్నాయి? వాటిలో కట్టె పని ఏమేం ఉంది? పెద్దవాళ్ళను అడిగి ఐదు వాక్యాలు రాయండి.

(రెండో లెక్కకు జవాబు: 0.5. అంటే అర ఘనపుటడుగు.)